కొండ దగ్గర కలిసే నీళ్లు

నవంబరు 1, శనివారం

సముద్రాన్ని పరిశోధించే ఓడ కదిలిపోయింది. విశాఖ రేవు నుంచి అనూరాధ ఫోన్ చేసింది. "సిగ్నల్ పోతాది, ఉంటాను మరి" అన్నాది. ఉంటాను అంటే ఎక్కడుంటాదట? అండమాన్ అవతల నడిసముద్రంలో, కాళ్ల కింద వేల అడుగుల నీళ్లు పెట్టుకుని ఉంటాది. నేను మాత్రం ఇక్కడ అరసవల్లి గుడి సందులో, నాన్న పక్కన కూర్చుని వత్తులూ కర్పూరం అమ్ముకుంటూ ఉంటాను.

నాకేమీ దిగులు లేదు. ఊరికే రాసుకుంటున్నాను.

మొన్న ఆదివారం కళింగపట్నంలో లైటుహౌసు దగ్గర అడిగేసేను. ఓడ పూజకి కొబ్బరికాయలు కావాలని ఆమె మా కొట్టుకి మొదటిసారి వచ్చిన రోజు నుంచీ గొంతులో ఇరుక్కున్న మాట. "అనూ, నన్ను పెళ్లి చేసుకుంటావా?" నవ్వలేదు. కోప్పడలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని సముద్రంలోకి చూస్తూ నిలబడ్డాది.

"మా ఊళ్లో మగాళ్లు ఏటకెల్తారు, ఆడోళ్లు ఒడ్డునుంటారు. మనకది తిరగబడతాది ఉమా. నేనెల్తాను, నువ్వుంటావు. ఉండగలవేటి? నేను లేనప్పుడు నువ్వెలగుంటావో సూసి, వచ్చేక సెప్తాను."

అంటే పరీక్ష. ఉమాశంకర్ అనేవాడు పుట్టి బుద్ధెరిగిన తర్వాత సప్లిమెంటరీ లేకుండా ఒక్క పరీక్షా గట్టెక్కలేదని ఆమెకి తెలీదు. తెలీకపోవడమే మంచిది.

కాదనలేదు కదా! ఇప్పుడే తట్టింది. కాదని అనలేదు! ఓరి నాయనో.


నవంబరు 3, సోమవారం

కార్తీక సోమవారం. నాన్న ఉపవాసం, అమ్మ ఉపవాసం, కొట్టు ముందు ఇసకేస్తే రాలనంత జనం. ఇలాంటి రోజున నేనేం చేసేను? గార ఊళ్లో పనుందని చెప్పి కళింగపట్నం వెళ్లి చేపలు కొన్నాను. తరతరాల శాకాహారుల వంశం మాది. తాతగారు పైనుంచి చూసుంటే రెండోసారి పోయుండేవారు.

నేను చేపల కోసం వెళ్లలేదు. అనూరాధ వాళ్లమ్మ అసిరమ్మ గారిని ఊరికే దూరం నుంచి చూసి వచ్చేద్దామనుకున్నాను. ఒడ్డున గంప ముందు కూర్చుని ఆవిడే నన్ను చూసేసింది.

"ఏటి బాబూ, ఏటి కావాల?"

"చేపలు" అన్నాను.

"ఏ సేపలు?"

"మంచివి."

ఆవిడ నన్ను కిందకీ మీదకీ చూసి, కానాగంతలు కవర్లో పోసి ఇచ్చింది. ఆటోలో ఆ కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పక్కాయన "కార్తీకంలోనా!" అన్నట్టు జరిగి కూర్చున్నాడు. చివరికి మా సందు చివర లాడ్జి వెనక పిల్లికి పెట్టేసేను. ఈ కార్తీక పుణ్యమంతా దానిదే.


నవంబరు 4

చొక్కా మూడుసార్లు ఉతికేను. పోలేదు.


నవంబరు 5, పౌర్ణమి

వత్తులన్నీ మధ్యాహ్నానికే అయిపోయాయి. నాన్న గొంతు బొంగురుపోయింది. నేను మాత్రం చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, వెళ్లేముందు అనూ పంపిన వాయిస్ మెసేజులు విన్నాను. "నేను ఏం చేస్తానో కాస్తయినా తెలుసుకో" అని పంపింది. ముచ్చటగా మూడు. ఒక్కోటీ పదిసార్లు విన్నాను. విషయం అర్థం కాక విన్నాను, గొంతు కోసం కాదు.

"సముద్రం ఒకటే నీరు కాదు ఉమా. పొరలు పొరలుగా ఉంటాది. పైపొర వెచ్చగా, తేలిగ్గా ఉంటాది. కిందపొర సల్లగా, బరువుగా ఉంటాది. బలముండే ఎరువంతా కిందే ఉండిపోతాది. ఎండ పైనుంటాది. రెండూ ఒకే ఇంట్లో ఉన్నా మాటల్లేని తోడికోడళ్లలాగ, ఒకదాంతో ఒకటి కలవవు. మరెక్కడ కలుస్తాయి? కొండల కాడ."

సముద్రం లోపల కొండలున్నాయట! మన శృంగవరపుకోట అవతల కనిపించే కొండలంతవీ, ఇంకా పెద్దవీ. వాటి కొస కూడా బయటికి కనబడదు. ఆటుపోటు వచ్చి ఆ కొండని గుద్దుకుని, నీళ్లు లోపలే అలలై లేచి విరిగిపోయి, కింది చల్లనీరు పైకీ పైనీరు కిందకీ కలగలిసిపోతాయట. ఆ ఎరువుకి పైన నాచు పుడతాది, దాన్ని తినే పురుగులు వస్తాయి, వాటి వెనక చేపలు. మిగిలిన తిండి కొండ చుట్టూ సుడి తిరుగుతూ జారి, వెలుతురే ఎరగని చోట కొండని పట్టుకుని కూర్చున్న పగడాలకీ స్పాంజిలకీ అందుతాదట. అవి అడుగు కదపవు. నోరు తెరుచుకుని కూర్చుంటాయి. తిండే వస్తాది.

పగడం అంటే కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునేదనుకున్నాను. అది బతికుంటాదట!

ఇది విని తలెత్తి చూసేను. ఎదురుగా గుడి. గుడి చుట్టూ జనం. సందులో తిరిగి తిరిగి వచ్చి మా కొట్టు మీద పడుతున్నారు. మేం ముత్తాతల కాలం నుంచీ కదల్లేదు. నాన్న నోరు తెరిచి "కొబ్బరికాయలు! కొబ్బరికాయలు!" అంటున్నారు. నేను పగలబడి నవ్వేసేను. నాన్న ఏటిరా అన్నారు. "మనం పగడాలం నాన్నా" అన్నాను. ఉపవాసం ఉండమని నీకెవడు చెప్పేడు, వెళ్లి ఏదైనా తిను అన్నారు.


నవంబరు 9, ఆదివారం

అద్దాల తొట్టె కొన్నాను. దాన్లో ఒక సముద్రం చేస్తాను. కింద ఉప్పునీరు రంగుతో, పైన మంచినీరు, మధ్యలో కొండ. పలకతో అటూ ఇటూ తోస్తే ఆటుపోటు. అనూ వచ్చేసరికి చూపిస్తాను. నువ్వు లేనప్పుడు నేనెలగున్నానో చూడు అంటాను. ఏడుస్తూ కూర్చోలేదు, సముద్రం చేసేను అంటాను! ఎంత బావుంటాది!

అమ్మ తొట్టె చూసి "చేపలు పెంచుతావేటి?" అన్నాది. ఆ చూపు నాకు నచ్చలేదు. డిగ్రీ చదివే మా చెల్లి పింకీ వెంటనే అందుకుంది: "మా కాలేజీ ఎగ్జిబిషన్‌కి అమ్మా." పింకీకి అన్నీ తెలుసు. నోరు మూసుకుని ఉండటానికి ఏం అడుగుతాదో అని భయం.


నవంబరు 10, సోమవారం

మళ్లీ కానాగంతలు.

అసిరమ్మ గారు ఈసారి వెంటనే కవరు ఇవ్వలేదు. "కూకో" అన్నాది. కూర్చున్నాను. "సావుకారు బాబువి నువ్వు. సేప తలేదో తోకేదో ఎరగవు. ఎవులికి పట్టికెల్తన్నావు?"

"పిల్లికండీ."

ఓలమ్మో అని గంప మీద చెయ్యేసి నవ్వింది. ఆవిడ నవ్వు కూడా అనూ నవ్వులాగే ముందు భుజాల్లో మొదలవుతాది. తర్వాత నేను ఆగలేక అడిగేసేను, కూతురు అంత దూరం వెళ్తే భయం వెయ్యదా అని.

"భయం ఎందుకెయ్యదు? భయమూ ఉంటాది, పనీ ఉంటాది. దాని అయ్య ఏటకెల్లిన కాడి నుంచీ ఇదే కదా. గడప కాడ కూకుని ఏడిసిన దాని మొగుడూ వస్తాడు, సేపలమ్ముకున్న దాని మొగుడూ వస్తాడు. ఎవుడొచ్చినా ముందు అన్నమే అడుగుతాడు బాబూ." కత్తి పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది. "నాకూ తెలుసు, నువ్వు పిల్లి కోసం రాట్లేదని."

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పాడుకుంటూ వచ్చేను. పక్కన కూర్చున్న వాళ్లు దిగిపోయారు.


నవంబరు 16, ఆదివారం

తొట్టె మొదటి ప్రయత్నం. రంగుకి కుంకుమ వేసేను. మా కొట్లో ఉన్న రంగులు రెండే, కుంకుమా పసుపూ. కుంకుమంతా అడుగున బురదలా కూర్చుంది. ఇలగ కాదు.

రెండోసారి ఉప్పునీళ్లలో పసుపు. దాని మీద విస్తరాకు తేలేసి, ఆకు మీద మంచినీళ్లు నెమ్మదిగా, చెంబుతో, ఊపిరి బిగబట్టి పోసేను. నిలబడ్డాది! కింద పచ్చగా, పైన తేటగా, మధ్యలో గీత గీసినట్టు! పింకీని పిలిచేను, అమ్మని పిలిచేను, సందులో పూలమ్మే గున్నమ్మని పిలిచేను. గున్నమ్మ చూసి "ఏటుంది బాబూ ఇందులో, పసుపునీలే కదా" అన్నాది. అసలు ప్రపంచంలో ఆనందం అంటే ఏంటో కొంతమందికి తెలీదు.


నవంబరు 17

ఈ సోమవారం కళింగపట్నం వెళ్లకూడదని గట్టిగా అనుకున్నాను.

వెళ్లేను.


నవంబరు 25, మంగళవారం

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో. అండమాన్ దగ్గరే. మ్యాపులో ఎర్రటి సుడి. నాకేమీ భయం లేదు. ఓడలు పెద్దవి. వాళ్లకి అన్నీ ముందే తెలుస్తాయి. భయమూ పనీ రెండూ ఉంటాయన్నాది కదా ఆవిడ, నేను పనిలో ఉన్నాను. ఇటుక ముక్కలూ బంకమట్టీ పెట్టి కొండ కట్టేను. మంచి కొండ. వాలు బాగా కుదిరింది.

అన్నం సహించలేదు. మధ్యాహ్నం తిన్న పులిహోర వల్ల.


నవంబరు 26, బుధవారం

కళింగపట్నంలో మూడో నంబరు హెచ్చరిక ఎగరేసారు. పడవలన్నీ పైకి లాగేసారు.

ఆమె ఆఫీసుకి ఫోన్ చేసేను. ఒకావిడ ఎత్తింది. ఓడ ఎక్కడుందో కుటుంబానికి తప్ప చెప్పమండీ అన్నాది. మీరేమవుతారు అన్నాది. టీవీలో ఆ ఎర్రసుడి అలాగే తిరుగుతోంది. నా నోరు నా మాట వినలేదు.

"భర్తనండీ."

అవతల ఒకటే కేక. "అనూరాధ మేడమ్‌కి పెళ్లయిందా! మాకెవరికీ చెప్పలేదే! కంగారు పడకండి సార్, ఓడ తుపానుకి చాలా దూరం జరిగిపోయింది, అంతా క్షేమం. మీరు ఫోన్ చేసారని ఇప్పుడే ఓడకి మెయిల్ పెడతాను. స్వీట్లు మర్చిపోకండి!"

వద్దండీ అనేలోపు ఫోన్ పెట్టేసింది.

ఓడ క్షేమం. ఓడ క్షేమం, ఓడ క్షేమం. నేను మాత్రం చచ్చేను.


నవంబరు 27

ఓడలో అందరికీ తెలిసుంటాది. ఆమె ఇంకా అవుననలేదు. నువ్వెలగుంటావో సూస్తాను అన్నాది. చూసింది. ఓడంతా చూసింది.

మళ్లీ ఫోన్ చేసి, తప్పు చెప్పేనని ఒప్పుకుందామనుకున్నాను. పింకీ ఫోన్ లాక్కుంది. "ఇప్పుడు చేసి ఏమంటావు? విడాకులయ్యాయంటావా?" అన్నాది.

ఇంత పిచ్చి పని చేసి కూడా మధ్యమధ్యలో నాకు నవ్వొస్తోంది. ఆ మాట పైకి అన్నానా! ఎంత ధైర్యం! మళ్లీ ఒకసారి ఎవరూ లేని చోట అన్నాను. భర్తని.


నవంబరు 28, శుక్రవారం

మెయిల్ వచ్చింది. మొత్తం ఇదే:

"భర్త గారికి. ఓడ క్షేమం. తుపాను మాకు దూరంగా పోయింది. కెప్టెన్ గారు నా పెళ్లికని అందరికీ పాయసం చేయించారు. తిన్నాను. వచ్చాక మాట్లాడతాను."

కోపమా? కోపమే. పాయసం తిన్నాది కదా. తినకపోతే అనుమానం వస్తాదని తినుండొచ్చు. తిన్నాను అని వేరే వాక్యం ఎందుకు రాసింది? పింకీ చదివి "నువ్వయిపోయావన్నయ్యా" అన్నాది. ఇరవైసార్లు చదివేను. ఒకసారి ప్రేమగా వినబడుతోంది, ఒకసారి చెప్పు తీసినట్టు వినబడుతోంది.


డిసెంబరు 2

ఏమీ రాయబుద్ధి కావట్లేదు. కాదంటే కాదంటాది. బతికొస్తే చాలు. నిజంగా చాలు. ఇది నాకోసం రాసుకుంటున్నదే కాబట్టి నిజమే రాస్తున్నాను: చాలదు.


డిసెంబరు 6, శనివారం

ఓడ వచ్చేసింది! రేపు అసిరమ్మ గారితో కలిసి సూర్యనారాయణస్వామి దర్శనానికొస్తోందట. దర్శనమయ్యాక మా ఇంటికట. మెసేజిలో ఒక్క నవ్వు బొమ్మ లేదు.


డిసెంబరు 7, ఆదివారం

అంతా రాస్తాను.

కొట్టు వెనకే మా ఇల్లు. హాల్లో తొట్టె పెట్టి, నీళ్లు పొయ్యకముందు కొండ కుదిర్చేను. నేను స్నానానికి వెళ్లినప్పుడు, కొండ మట్టిగా ఉందని, పింకీ దాని పైసగానికి కొట్లో తాంబూలానికి అమ్మే సున్నం పట్టించి తెల్లగా చేసేసిందట. వచ్చి, పసుపునీళ్లు కొండ సగం దాకా, వాటి మీద మంచినీళ్లు పోసి చూస్తే నీళ్లలో కొండ మెరిసిపోతోంది. అబ్బ, బలేగుంది అనుకున్నాను. ఆలోచించలేదు. ఆ టైములో నాకు నా పేరు కూడా గుర్తు లేదు.

ఆమె గుమ్మంలోకి వచ్చింది. ఎండకి నల్లబడ్డాది. ఎంత బావుందో. వెనక అసిరమ్మ గారు, జడలో చేమంతులు. అమ్మా నాన్నా లేచి నిలబడ్డారు. అనూ వాళ్లకి దండం పెట్టి, ఇటు తిరిగి, "భర్త గారు కులాసానా?" అన్నాది.

అమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. నాన్న కళ్లజోడు తీసేసారు. పింకీ వంటింట్లోకి పారిపోయింది.

ఏం చెయ్యాలో తోచక తొట్టె దగ్గరికెళ్లి పలక అందుకున్నాను. "నేను... నువ్వు లేనప్పుడు... ఇది చేసేను" అని ఆటుపోటు మొదలుపెట్టేను. పచ్చటి నీరు అటు ఊగింది, ఇటు ఊగింది, కొండ మీదకెక్కింది, దిగింది. అక్కడ మొదలైంది. కొండ ఒంటి మీద సన్నగా ఒక ఎర్రగీత. తర్వాత ఇంకోటి. కొండ చుట్టూ ఎరుపు లేస్తోంది, సుడి తిరుగుతోంది, కొస దాటి పైనున్న తేటనీళ్లలోకి పొగలాగ పోతోంది.

పసుపూ సున్నం! పసుపూ సున్నం కలిస్తే ఎరుపని తెలుగింట్లో పుట్టిన ఏ పసిపిల్లనడిగినా చెప్తాది. పసుపు అమ్మి, సున్నం అమ్మి, నాలుగు తరాలుగా అవే అమ్మి బతికిన ఇంట్లో పుట్టి నేను మర్చిపోయాను. పాడైపోయింది! నా సముద్రం పాడైపోయింది! "ఆపీసేను, ఆపీసేను" అని పలక లాగబోయాను.

"ఆపకు!" అన్నాది అనూ. కోపంగా కాదు. తొట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుండిపోయింది, ముక్కు అద్దానికి ఆనించి. "ఊపు. ఇంకా. ఉమా, సూడు, ఇక్కడ, కొండ లేని ఈ చదును మీద పసుపు పసుపుగానే ఉన్నాది. కొండని ముట్టిన నీరే ఎర్రబడతన్నాది. కొండ కాడే కలుస్తాయని ఇది సూపిస్తన్నాది కదా! మేం తాళ్లకి యంత్రాలు కట్టి నెల్లాళ్లు యేలాడదీసింది దీనికోసమే!" అసిరమ్మ గారిని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. "అమ్మా, ఇదేనే నేను సేసేది. ఇదిగో, ఈ ఎరుపు పోయే దారంతా పగడాలుంటాయి. కెమెరాలో సూసేను. సెట్టంత పగడాలు!" ఆవిడ కళ్లు పెద్దవి చేసుకుని "ఓలి, ఇందుకేటే నువ్వెల్లేది" అన్నాది. తల్లికి కూతురి పని మొదటిసారి కనబడ్డాది. నాకు ఏడుపొచ్చేసింది, ఊపుతూనే ఉన్నాను.

కాసేపటికి తొట్టె పైదాకా ఎర్రబడిపోయింది. అప్పటిదాకా గోడకానుకుని చూస్తున్న అమ్మ కదిలింది. వంటింట్లోంచి పళ్లెం తెచ్చింది. గ్లాసుతో తొట్టెలో ముంచి ఆ ఎర్రనీళ్లు పళ్లెంలో పోసింది.

"అమ్మా, ఏటది?" అన్నాను.

"సోమవారం సోమవారం నీ చొక్కాకి చేపల వాసనొస్తూంటే నాకేం తెలీదనుకున్నావేట్రా? ఎర్రనీళ్లు నువ్వే కలిపేవు. ఊరికే పారబోస్తామా? ఇద్దరూ పక్కపక్కన నిలబడండి."

నేను నాన్న వైపు చూసేను. ఆయన కొట్లోకి వెళ్లిపోయారు. అసిరమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాది. నాన్న తిరిగొచ్చారు. బేరం చూడకుండా కొట్లోంచి చీపురుపుల్ల కూడా బయటికి పోనివ్వని భీమశంకరరావు గారు కర్పూరం డబ్బా కొత్తది విప్పి, తమలపాకు మీద పెద్ద బిళ్ల పెట్టి, పళ్లెంలో తేలేసి, ఆయనే అగ్గిపుల్ల గీసారు. "కర్పూరం లేకుండా హారతేటే" అని అమ్మని కసిరారు.

అనూ వచ్చి నా పక్కన నిలబడ్డాది. నా పక్కన! అమ్మ పళ్లెం తిప్పుతోంది. జవాబు అడగాలి. ఇప్పుడే అడగాలి. నోరు తెరిచేను. వచ్చింది వేరే మాట.

"మళ్లీ ఓడ ఎప్పుడు?"

ఆమె తల నా వైపు తిరిగింది. భుజాల్లో నవ్వు మొదలైంది.

"మార్చిలో. అంచేత ఫిబ్రవరిలోపు అయిపోవాల."

"ఏటి?"

"పెళ్లి. అయిపోయిందని ఓడంతా సెప్పీసి నాచేత పాయసం తినిపించీసావు. ఇప్పుడు సేసుకోకపోతే అబద్ధం ఆడినట్టవదేటి, భర్త గారూ?"

నేను ఎగిరేను. నిజంగా, రెండు కాళ్లూ నేల మీద లేవు. అమ్మ అరిచింది: "కదలకురా వెధవా, కర్పూరం ఆరిపోతాది!"